తాతగారి మార్క్-2 అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కాశీనగర్‌లో మీ తాతగారి 1973 నాటి అంబాసిడర్ మార్క్-2 పదేళ్లకు పైగా పాకలోనే ఉంది. నంబరు ఆంధ్రది, మీరు ఉండేది ఒడిశాలో. ఇంజిన్ బిగుసుకుపోయింది. సెలవు రోజుల్లో మీరే బాగు చేసుకోవాలనుకుంటున్నారు. ఇంజిన్ దించి మొదలుపెట్టాలా, లేక మిస్త్రీ చెప్పినట్టు డీజిల్ ఇంజిన్ ఎక్కించాలా అన్నది మీ సందేహం.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. నా దగ్గరున్నదీ అదే మార్క్-2, గళ్ల గ్రిల్ ఉన్న మోడల్. పాతపట్నం అవతల ఒక తోటలో టార్పాలిన్ కింద దొరికింది. ఇప్పుడు ఆదివారాలు గుణుపురం దాకా వెళ్లి వస్తోంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఒక గోనెసంచి పరుచుకుని కారు కింద పడుకోండి.

అంబాసిడర్‌కు జీపులాగా విడిగా ఛాసిస్ (బరువు మోసే ఇనుప చట్రం) ఉండదు. నేల రేకు, తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె గొట్టాలు, ముందు వెనక అడ్డ దూలాలు అన్నీ కలిసి బరువు మోస్తాయి. జీపు బాడీ చిల్లులు పడినా ఛాసిస్ గట్టిగా ఉంటే నడుస్తుంది. అంబాసిడర్‌లో ఆ పెట్టె గొట్టాలు పుచ్చిపోతే తలుపు తెరిచినప్పుడు మళ్లీ మూసుకోదు, జాకీ పెడితే కారు లేవకుండా రేకు లోపలికి పోతుంది. ఇంజిన్ ఎంత బాగా పలికినా అలాంటి కారులో కుటుంబాన్ని ఎక్కించలేం.

చూడవలసిన చోట్లు: తలుపుల కింది గొట్టాలు, జాకీ పెట్టే చోట్లు, డ్రైవరు కాళ్ల దగ్గర నేల, డిక్కీలో స్టెఫ్నీ పెట్టే గుంట, వెనక కమాన్ పట్టీలు ముందువైపు బిగించే చోటు, ముందు టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే ఇనుప కడ్డీలు) తగిలించే దూలం. ఒక చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతూ పోండి. అది జారి పడిపోయిన చోట రేకు లేదు, లప్పం ఉందని అర్థం. అక్కడ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మీ ఊరిది వంశధార ఒడ్డు, పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వచ్చిన వరద గుర్తుంది కదా. నా కారు కుడివైపు గొట్టం పైకి చూస్తే నున్నగా, కొత్త రంగుతో మెరుస్తూ ఉంది. పొడిచాక తుప్పు పొరలతో కలిసి తడి ఒండ్రు బయటికి జారింది, అందులో వరి పొట్టు కూడా ఉంది. వరద వెళ్లిపోయి ఏళ్లు గడిచినా ఆ బురద లోపల తేమను పట్టుకుని రేకును తింటూనే ఉంది. మీ కారు ఆ వరదలో మునిగిందో లేదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. మునిగి ఉంటే గొట్టాలు తెరిచి చూడక తప్పదు. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు ఉంటాయి, అవి మట్టితో మూసుకుపోయి ఉంటే తలుపుల కింది అంచులు కూడా పోయి ఉంటాయి.

రేకు మార్చేటప్పుడు వెల్డరు ఎవరన్నది చాలా ముఖ్యం. మన ఊళ్లలో గేట్లు, గ్రిల్స్ చేసేవాళ్ల దగ్గర ఆర్క్ వెల్డింగ్ ఉంటుంది. అది కారు పలచని రేకును కాల్చి చిల్లులు పెడుతుంది. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు వంకర తిరుగుతుంది. సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో, సన్నని తీగతో చేసేది) తెలిసినవాడిని వెతకండి, బరంపురంలోనో విశాఖ ఆటోనగర్‌లోనో దొరుకుతాడు. గొట్టాలకు 18 గేజి రేకు (సుమారు 1.2 మిల్లీమీటర్లు) వాడమని చెప్పండి. చవకగా ఉందని అంతకన్నా పలచని 22 గేజి వేస్తానంటే ఒప్పుకోకండి. రెండు వైపులా ఒకేసారి కోయనివ్వకూడదు. కారును చదునుగా నిలబెట్టి, తలుపు ఖాళీల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా అతికించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. లేకపోతే బాడీ నడుము వంగుతుంది, ఆ తర్వాత తలుపులు సర్దడం ఎవరి వల్లా కాదు. వెల్డింగ్‌కు ముందే పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి, బ్యాటరీ వైర్లు విప్పాలి. ట్యాంకు ఖాళీగా ఉందని ధైర్యం చేయకండి, ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం.

అతుకు పని అయ్యాక అందరూ పూసే రెడ్ ఆక్సైడ్ ఒక్కటే చాలదు, అది తేమను పీల్చుకుంటుంది. కింద ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. చివరగా గొట్టాల లోపలికి మైనంలాంటి తుప్పు నిరోధక ద్రవాన్ని పిచికారీ చేయించండి. బయటి రంగు మీద పెట్టే శ్రద్ధలో సగం లోపల పెడితే చాలు. మన మిస్త్రీలు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు. వాళ్లకు పండగ లోపల కారు మెరవాలి, మనకు పదేళ్లు నిలవాలి.

ఇక ఇంజిన్. మీ కారులోది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుతో వచ్చిన బీ-సిరీస్ కుటుంబం. బిగుసుకుపోయిందంటే చాలాసార్లు పిస్టన్ రింగులు బోరుకు (సిలిండరు లోపలి గోడకు) తుప్పుతో అంటుకున్నాయనే అర్థం. సెల్ఫ్ కొట్టకండి, తాడు కట్టి లాగించకండి. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో బోరులో డీజిల్, ఇంజిన్ ఆయిల్ సమంగా కలిపి కొద్దికొద్దిగా పోసి కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి స్టార్టింగ్ హ్యాండిల్‌తో ముందుకీ వెనక్కీ నిదానంగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ పోసి వదిలేయండి. మొండిగా తిప్పితే రింగు విరిగి బోరును గీస్తుంది. ఒకసారి తిరిగాక పాత ఆయిల్ తీసేసి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే ప్లగ్గులు బిగించండి. డెల్కోలో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో) పాయింట్ల గ్యాపు సుమారు 0.4 మిల్లీమీటర్లు, ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే క్రమం) 1-3-4-2. డెల్కో మూత పగుళ్లు, కాయిల్ వైర్లు చూసుకోండి. సగం కార్లు ఇంత మాత్రానికే పలుకుతాయి. బ్యాటరీ కలిపే ముందు బాడీకి ప్లస్ కలిపి ఉందా, మైనస్ కలిపి ఉందా చూడండి, పాత కార్లలో రెండూ కనిపిస్తాయి.

హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పవలసి వస్తే మాత్రం ఒక పని చేయించండి. ఆ రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు, అది వాల్వు సీట్లను (వాల్వులు ఆనుకునే అంచులను) కాపాడేది. 2000 నుంచి దేశంలో సీసం లేని పెట్రోలే. ఈ పోత ఇనుప హెడ్‌లో సీట్లు విడిగా ఉండవు, హెడ్‌లోనే కోసి ఉంటాయి, కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులు మెల్లగా లోపలికి దిగుతూ పోతాయి. మంచి లేత్ పనివాడి చేత గట్టి సీట్లు దింపిస్తే మళ్లీ ఆ బాధ ఉండదు. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ వాషర్లు ఉబ్బి పగులుతాయి, అవన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంవి వేయండి. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, మన వానాకాలపు గాలిలో ఇది చిన్న విషయం కాదు. నెలల తరబడి కారు నిలిపి ఉంచేటప్పుడు పాత పెట్రోలు ట్యాంకులో వదిలేయకండి.

బ్రేకుల విషయంలో బేరాల్లేవు. నాలుగు చక్రాల సిలిండర్ల రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, బ్రేకు గొట్టాలు మొత్తం కొత్తవి వేయాలి. బ్రేకు ఆయిలే పోయాలి, ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లు పాడవుతాయి. ఎలుకలు కొరికిన వైరింగును ముక్కలు ముక్కలుగా అతికించకుండా మొత్తం మార్చేయండి.

డీజిల్ ఇంజిన్ ఎక్కించమన్న మిస్త్రీకి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంజిన్ మార్పును ఆర్‌సీలో చూపించి అనుమతి తీసుకోవాలి, అది ఒక తలనొప్పి. అంతకంటే ముఖ్యం, మీరు మీ తాతగారి కారును బాగు చేస్తున్నారు, టాక్సీ తయారు చేయడం లేదు.

కాగితాల సంగతి మన సరిహద్దువాళ్లకు రెండింతలు. కారు తాతగారి పేరు మీద ఉంటే ముందు ఆంధ్రలో నంబరు ఇచ్చిన కార్యాలయంలోనే వారసుడి పేరుకు మార్పించుకుంటే మేలు, దానికి ఫారం 31. ఒడిశాకు తేవాలంటే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 28. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలని చట్టం. చిక్కు ఎక్కడంటే, అప్పటి రిజిస్ట్రేషన్లు చేతిరాత పుస్తకాల్లో ఉంటాయి, కంప్యూటర్లోకి ఎక్కకపోతే ఏ దరఖాస్తూ కదలదు. అందుకని ఒక్క పానా కూడా కొనకముందే అసలు ఆర్‌సీ పట్టుకుని ఆ కార్యాలయానికి వెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం) అడగండి. నన్ను ఒక కార్యాలయంలో ఒక బల్ల దగ్గర నుంచి ఇంకో బల్లకు తిప్పుతూ నెలలు గడిపారు. ఆ లోపు రేకు పని మాత్రం నిశ్చింతగా చేసుకున్నాను. గడువు తీరిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు కారును తనిఖీకి చూపించాలి కాబట్టి ఎలాగూ ముందు అది నడవాలి.

2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు వాహనాల) నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాన్ని ఆ తరగతిలో నమోదు చేయవచ్చు. వయసు ప్రకారం మీ కారు అర్హమే. కొత్తగా నమోదుకు రూ. 20 వేలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్టరైన కార్లకు పాత నంబరు ఉంచుకునే వీలుంది. కానీ ఆ తరగతిలోకి వెళితే ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి పనులకే రోడ్డెక్కాలి, రోజువారీ వాడకం కుదరదు. మీకు అప్పుడప్పుడు పెళ్లిళ్లకు, గుళ్లకు తిరగాలని ఉంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే బతికించుకోండి, నేను అదే చేశాను.

సామాన్ల కోసం భయపడకండి. అంబాసిడర్ తయారైన ఉత్తరపారా కర్మాగారం 2014లో ఆగిపోయినా కోల్‌కతా మల్లిక్ బజార్‌లో అంబాసిడర్ సామాను ఇంకా దొరుకుతోంది. అయితే పాత భాగం చేతిలో పట్టుకునే వెళ్లండి. మార్క్-2వీ తర్వాతి మోడళ్లవీ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఇంటికొచ్చాక బోల్టు రంధ్రాలు కలవవు. ముందు గ్రిల్, మీటర్ల పలక, లోపలి పిడులు దొరకడం కష్టం, మీవి ఎంత నల్లబడినా పారేయకండి. కొత్త బోల్టు కన్నా పాత బోల్టును తోమి వాడటం మేలని మా మిస్త్రీ అంటాడు, ఆ విషయంలో ఆయన మాట వింటాను.

ఖర్చు ఇంతని చెప్పలేను, మీ రేకు పరిస్థితి చూడాలి. నాకైన ఖర్చులో సగానికి పైగా రేకు పనికీ రంగుకూ పోయింది, ఇంజిన్‌కు అయింది దాని ముందు చాలా తక్కువ. అందుకే గొట్టాలు రెండు వైపులా, నేలా, వెనక పట్టీల చోటూ అన్నీ పోయి ఉంటే ఆ కారును వదిలేసి గట్టి బాడీ ఉన్న మరో మార్క్-2 వెతికి, మీ తాతగారి ఇంజిన్, మీటర్లు, స్టీరింగ్ దానికి ఎక్కించమనే చెబుతాను. అప్పుడు ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్‌సీలో అది నమోదు చేయించాలి. బాధగానే ఉంటుంది, కానీ పుచ్చిన బాడీకి అతుకులేస్తూ డబ్బయిపోయి మధ్యలో వదిలేసిన కార్లు మన చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

వీలుంటే ఈ వారం కారును జాకీ మీద కాకుండా గట్టి దిమ్మెల మీద నిలబెట్టి, కింది గొట్టాలు రెండువైపులా, స్టెఫ్నీ గుంట, డ్రైవరు కాళ్ల దగ్గరి నేల మ్యాట్ తీసి ఫోటోలు పెట్టండి. ఆర్‌సీ మొదటి పేజీ కూడా, నంబరూ పేరూ చెరిపేసి. ఎంత రేకు మార్చాలో చూసి చెబుతాను.