కాలు విరిగితే చీటీ ఉంది, మనసు విరిగితే లేదు

‘డ్యూటీలో చూసినవాటితో మనసు చెదిరిన పోలీసుకు పరిహారం వస్తదా?’ అని అడిగారు. మా ఇంట్లోనైతే రాలేదు. మాది హన్మకొండ, మా ఆయన హెడ్ కానిస్టేబుల్.

ఓ ఎండాకాలం, బట్టలుతక వచ్చిన తల్లి వెంట ఉన్న ఆరేళ్ల పాప చెరువులో మునిగింది. ఈతగాళ్లు తీసినంక గట్టు మీదికి మోసుకొచ్చింది మా ఆయనే. పంచనామా అయినంక ఆటోలో పోస్టుమార్టంకు తీసుకపోతుంటే, ఆ తల్లి దారిపొడవునా పాప జుట్టును కొంగుతో తుడుస్తనే ఉన్నదట. “జలుబు చేస్తది సారూ” అని ఒకటే మాటట. ఇదంతా నాకు ఆయన చెప్పింది ఏడు నెలల తర్వాత.

పాప మునిగిన ఆ వారమే, ఆదివారం మా చిన్నది తలస్నానం చేసి తడి జుట్టుతోనే పోయి ఆయన ఒళ్లో కూర్చుంది. ఒక్క తోపు తోసి, చెప్పుల్లేకుండా బయటికి పోయిండు. కాజీపేట దాకా నడిచిండు. అప్పటినుంచి నిద్ర లేదు. నీళ్లున్న దిక్కు డ్యూటీ అంటే చేతులు వణికేవి. సిక్ లీవు అడిగితే పై అధికారి “నీకేమన్న కాలు విరిగిందా?” అన్నడు. ఆబ్సెంట్ రాసిండ్రు, మెమో ఇచ్చిండ్రు, ఇంక్రిమెంటు ఆపిండ్రు. అదే ఏడు ఆయన బ్యాచ్‌మేటుకు డ్యూటీలో బైకు జారి నిజంగానే కాలు విరిగింది. చీటీలన్నీ ఉన్నాయి, బిల్లులన్నీ పాసైనయి. ఆయనకు వచ్చినందుకు నాకు సంతోషమే. మరి మా ఆయనది దెబ్బ కాదా?

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం తీయండి, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ తీయండి. రెండింట్లోనూ మూడో షెడ్యూలులో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో, సీసం విషం ఉంది, పాదరసం ఉంది, సిలికోసిస్ ఉంది. మనసు జబ్బు ఒక్కటీ లేదు. అమెరికాలో కాలిఫోర్నియా 2020 నుంచి పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి ఇలాంటి మానసిక గాయం ఉద్యోగం వల్లే వచ్చిందని ముందే అనుకుంటది. కాదని చూపే బాధ్యత యజమానిది. మన దగ్గర మేడారం జాతర బందోబస్తుకు రాత్రింబవళ్లు నిలబెడతరు, అక్టోబర్ 21న అమరవీరులకు దండలేస్తరు. బతికున్నోడు నిద్రపోతున్నడా అని అడిగేటోళ్లు లేరు. పైగా పోలీసోళ్లంతా తాగుబోతులని ఊరంతా మాట. ఎందుకు తాగుతున్నరో ఎవరన్నా అడిగిండ్రా?

పరిహారం సంగతి తర్వాత, ముందు ఉద్యోగం కాపాడుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) చదవండి. ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయించిన చోట తప్ప, సర్వీసులో వైకల్యం వచ్చినోళ్లను తీసేయొద్దు, హోదా తగ్గించొద్దు. ఆ పనికి పనికిరాకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇయ్యాలె. మానసిక అనారోగ్యం కూడా అందులో వైకల్యమే. ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, క్రమశిక్షణ చర్యకు మానసిక వైకల్యం ఒక కారణమైనా అది వివక్షేనని తేల్చింది.

ఇవన్నీ నిలబడాలంటే చేతిలో కాగితం ఉండాలె. మొదటి రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పోండి. ఏ చెరువు, ఏ తేదీ, ఏ డ్యూటీ అన్నీ చెప్పి ఓపీ చీటీ మీద రాయించండి. మేం రాయించలేదు. మా దగ్గరున్న మొదటి చీటీ మీద ‘నిద్ర పట్టడం లేదు’ అని మాత్రమే ఉంది.