కళాశాల మారతామంటే మూడేళ్ల ఫీజు కట్టాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి కన్వీనర్ కోటాలో విజయనగరం వైపున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చేరి బీటెక్ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. హాస్టల్లో ఉంటోంది. నాకు శస్త్రచికిత్స జరిగాక ఇంట్లో తోడు లేదు. అందుకే తనను నగరంలోని కళాశాలకు మార్చాలనుకుంటున్నాం. ఒక కళాశాలవారు సీటు ఖాళీగా ఉందని, టీసీ తెస్తే చేర్చుకుంటామని చెప్పారు. ఇప్పటి కళాశాలవారేమో మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే టీసీ, పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ ఇస్తామంటున్నారు. చేరేటప్పుడు అలా కడతానని అమ్మాయి చేత స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నారు. అప్పటికి తనకు 17 ఏళ్లు. మేమేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: ముందు టీసీ సంగతి. దయచేసి దానికోసం తొందరపడకండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఫీజు డిమాండు కాదు, 'టీసీ తెస్తే చేర్చుకుంటాం' అన్న కొత్త కళాశాలవారి మాట.

ఒక కళాశాలను వదిలి వెళ్లడం మీ అమ్మాయి హక్కు. మరో కళాశాలలో నేరుగా రెండో సంవత్సరంలో చేరడం మాత్రం హక్కు కాదు, అనుమతి మీద జరిగే పని. అదే బ్రాంచిలో, ఆమోదించిన సీట్లకు లోబడి ఖాళీ ఉండాలి. రెండు కళాశాలలూ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని తెలిపే పత్రం) ఇవ్వాలి. ఆపైన విశ్వవిద్యాలయం, ప్రభుత్వ నిబంధనల ప్రకారం లిఖితపూర్వక ఉత్తర్వు రావాలి. ఇవేవీ లేకుండా 'అడ్మిషన్ రద్దు చేయండి' అని రాసిచ్చి టీసీ తీసుకుంటే, కన్వీనర్ సీటు అక్కడితో పోతుంది. తర్వాత అనుమతి రాకపోతే అమ్మాయి రెంటికీ చెడిన రేవడి అవుతుంది. మళ్లీ ఈఏపీసెట్ రాసి మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉత్తర్వు లేకుండా కొత్త కళాశాలకు మారదు.

కాబట్టి దరఖాస్తులో 'రద్దు' అనే మాట రానివ్వకండి. 'కళాశాల మార్పు కోసం ఎన్‌వోసీ ఇవ్వగలరు' అని రాసి, మీ వైద్య పత్రాల నకళ్లు జతచేయండి. ప్రిన్సిపాల్ కార్యాలయంలో ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. కొత్త కళాశాల నుంచి కూడా ఖాళీ ఉన్నట్టు, చేర్చుకోవడానికి అభ్యంతరం లేనట్టు కాగితం తీసుకోండి. రెండూ విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ పరిధిలోనివైతే పని కొంత తేలిక. వాటిలో ఒకటి అటానమస్ కళాశాల (సొంత సిలబస్, పరీక్షలు ఉన్నది) అయితే సబ్జెక్టుల తేడా చూసి, చదవని సబ్జెక్టులను అదనంగా రాయమంటారు. వాటి జాబితాను ముందే అడగండి.

ఇక ఒరిజినల్స్. వాటిని తాకట్టు వస్తువుల్లా పెట్టుకునే అధికారం ఏ కళాశాలకూ లేదు. సీటు వదులుకునే విద్యార్థి నుంచి తర్వాతి సంవత్సరాల ఫీజు అడగరాదని, సర్టిఫికెట్లను 7 రోజుల్లో తిరిగివ్వాలని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి) నిబంధనలు చెబుతున్నాయి. ఒరిజినల్స్ ఆపరాదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) కూడా 2018లో స్పష్టం చేసింది. సీటును పూర్తిగా వదులుకునేవారి నుంచే అడగకూడని ఫీజును అనుమతితో మారే విద్యార్థి నుంచి అడగడానికి ఆధారమే లేదని నా అభిప్రాయం.

కళాశాల తరఫు న్యాయవాది ఇస్లామిక్ అకాడమీ కేసులో 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించవచ్చు. ఏడాదికి మించి ఫీజు ముందుగా వసూలు చేయరాదని చెబుతూనే, విద్యార్థి మధ్యలో వెళ్లిపోవచ్చని అనుమానం ఉంటే బాండు గానీ బ్యాంకు గ్యారంటీ గానీ తీసుకోవచ్చని ఆ తీర్పు అన్నది. ఈ మాట మీకు ముందే తెలిసి ఉండాలి. అయితే బాండు ఉంటే సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు గానీ, సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళం వేసుకునే హక్కు దానివల్ల రాదు. పైగా 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 కింద 1903 నాటి తీర్పు నుంచీ స్థిరపడి ఉంది. మీ అమ్మాయి ఒక్కతే సంతకం చేసి ఉంటే ఆ కాగితంతో ఆమెను కట్టడి చేయలేరు. మీరు గానీ, మీ వారు గానీ హామీదారుగా సంతకం పెట్టారేమో గుర్తు చేసుకోండి. పెట్టి ఉన్నా అదే చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే తప్ప, కాగితం మీద రాసిన మొత్తం కాదు. ఖాళీ అయిన సీటును ఈసెట్ (డిప్లొమా చేసినవారు నేరుగా రెండో సంవత్సరంలో చేరే ప్రవేశ పరీక్ష) ద్వారా డిప్లొమా విద్యార్థితో భర్తీ చేసుకునే వీలున్నప్పుడు, మూడేళ్ల నష్టం ఎలా జరిగిందో కళాశాలే నిరూపించుకోవాలి.

చదివిన ఏడాదికి నిజంగా బాకీ ఉన్న హాస్టల్, బస్సు, పరీక్ష రుసుములు కట్టేసి రసీదు తీసుకోండి. ప్రభుత్వం నుంచి కళాశాలకు రావాల్సిన రీయింబర్స్‌మెంట్ బకాయి వారిద్దరి మధ్య లెక్క. దాన్ని సాకుగా చూపి మీ కాగితాలు ఆపడం న్యాయం కాదు. ఆ సొమ్ము మీ ఖాతాలోనే పడి, మీరు కళాశాలకు కట్టకుండా ఉంటే మాత్రం అది మీ బాకీయే.

దరఖాస్తు ఇచ్చి వారం గడిచినా స్పందన లేకపోతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దాని నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోగా విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదులపై అప్పీళ్లు వినే అధికారి) అప్పీలు చేయవచ్చు. ఫీజు కోసమే ఎన్‌వోసీ నిరాకరిస్తున్నారని ఫిర్యాదులో విడిగా రాయండి. ఒక ప్రతి ఏఐసీటీఈకి, మరొకటి రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు పంపండి. అప్పటికీ ఇవ్వకపోతే అమరావతిలోని హైకోర్టులో రిట్ (కాగితాలు ఇవ్వాలని ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. కళాశాల ప్రైవేటుదే అయినా అది చేసే పని ప్రజలకు సంబంధించినది కాబట్టి ఆ దారి మూసుకుపోదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని సలహా ఇచ్చేవారుంటారు. విద్యాసంస్థలు ఆ చట్టం కిందకు రావని పలు తీర్పులున్నాయి, మీకున్న తక్కువ సమయాన్ని అక్కడ ఖర్చు చేయకండి.

ఖర్చు గురించి బెంగ వద్దు. న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. విశాఖ జిల్లా న్యాయస్థానాల ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అమ్మాయి పేరుతోనే దరఖాస్తు ఇవ్వండి, లేదా న్యాయ సహాయ నంబరు 15100కు ఫోను చేయండి. లీగల్ నోటీసు కూడా వారే ఇప్పిస్తారు. రెండో సంవత్సరం తరగతులు మొదలైతే మాత్రం ఉత్తర్వు వచ్చేవరకు అమ్మాయిని పాత కళాశాలకే పంపండి. హాజరు తగ్గితే సెమిస్టరే పోతుంది.