ఇంటి నుంచే క్లినికల్ ట్రయల్: ఫోన్ లేనివాళ్ల సంగతేమిటి?

ప్రశ్న: మందు పనిచేస్తుందా అని మనుషుల మీద చూసే క్లినికల్ ట్రయల్‌ను యాప్ ద్వారా పెడితే ఆసుపత్రి చుట్టూ తిరిగే బాధ ఉండదు, లక్షల మంది చేరతారు. అయినా ఫోన్ లేనివాళ్లకు అన్యాయమంటారు. అందులో అన్యాయం ఎక్కడుంది?
– ఫార్మసీ విద్యార్థి, గుంటూరు

జవాబు: లక్షల మంది చేరారంటే అన్ని రకాలవాళ్లూ చేరారని కాదు. వాచీతో గుండె లయలో తేడాను పట్టవచ్చా అని అమెరికాలో ఆపిల్ హార్ట్ స్టడీ చేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. 4,19,297 మంది ఇంటి నుంచే చేరారు. కానీ చేరాలంటే ఐఫోన్, ఆపిల్ వాచీ రెండూ ఉండాలి. ఆ లయ జబ్బు ముసలితనంలోనే ఎక్కువ. చేరినవాళ్లలో 65 దాటినవాళ్లు చూస్తే 6 శాతం లోపే. పైగా లయ తప్పిందని వాచీ హెచ్చరించిన 2,161 మందిలో, పనికొచ్చే రికార్డుతో ఈసీజీ ప్యాచ్ (గుండె లయను నమోదు చేసేందుకు ఒంటికి అతికించుకునేది) తిరిగి పంపింది 450 మంది. చేరడం సులువైనంత మాత్రాన చివరిదాకా నిలవడం సులువు కాదు.

ప్రశ్న: ఏజెన్సీ గ్రామాల్లో బీపీ మందు మీద ట్రయల్ మొదలుపెడుతున్నాం. ఇంట్లోనే బీపీ చూసుకుని యాప్‌లో ఎక్కించాలి. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ట్రయల్ కోఆర్డినేటర్, పాడేరు

జవాబు: చేరిక షరతుల్లో ‘స్మార్ట్‌ఫోన్ ఉండాలి’ అన్న వాక్యం ఉంటే ముందు దాన్ని కొట్టేయండి. ఫోన్ లేనివాళ్లకు ఫోనూ సిమ్మూ ట్రయల్ ఖర్చుతో ఇవ్వండి. అదీ వద్దన్నవాళ్లకు కాగితం డైరీ, వారానికోసారి ఇంటికి వచ్చి చూసే మనిషి. ఈ దారులన్నీ ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా చేయాలో రాసుకున్న ప్రణాళిక)లోనే రాసి, పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకోవాలి. మధ్యలో సర్దుబాటుగా చేస్తే అది ఉల్లంఘన కింద లెక్క. రీచార్జ్, పోయిన కూలి కూడా బడ్జెట్‌లో పెట్టండి. అయితే డబ్బు ఆశతో చేరేంత ఎక్కువగా ఉండకూడదు. ఎంతన్నది కమిటీయే చూస్తుంది.

కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకు తెలుగు సమ్మతి పత్రం చాలదు. వాళ్ల మాటలోనే ఆడియో చేయించండి.

ఇంటికి ఒకటే ఫోన్ ఉన్నచోట పగలంతా అది పనికెళ్లిన మగమనిషి జేబులోనే ఉంటుంది. ఉదయం 9కి గుర్తుచేసే మెసేజ్ పెడితే ఆడవాళ్ల రీడింగులే పోతాయి. వేళ ఎవరికి వారే ఎంచుకోనివ్వండి. మెసేజ్‌లో జబ్బు పేరు, మందు పేరు రానివ్వొద్దు. సిగ్నల్ లేనప్పుడు రీడింగు ఫోన్‌లోనే నిలవుండాలి, దానికి కొలిచిన సమయం పడాలి కానీ సర్వర్‌కు ఎక్కిన సమయం కాదు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా సెట్టింగ్ యాప్‌ను ఆపేస్తుంది, అలారం మోగదు. మనిషే మందు మానేశాడని మీరు అనుకుంటారు. ఫోన్ చేతికిచ్చే రోజే ఆ సెట్టింగ్ మార్చండి.

ఇక బీపీ మిషన్. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. చేతికి చుట్టే పట్టీ అందరికీ ఒకే సైజుది ఇచ్చేస్తారు. 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ట్రయల్‌లో, చిన్న పట్టీ పట్టాల్సినవాళ్లకు మామూలు పట్టీ కడితే పై బీపీ సగటున 3.6 తక్కువ చూపించింది. అతి పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకైతే 19.5 ఎక్కువ! సన్నచేతుల మనుషులున్న ఊళ్లో, పై బీపీ 140 ఉంటేనే చేర్చుకోవాలని గీత పెట్టుకుంటే నిజంగా బీపీ ఉన్నవాళ్లు కొందరు బయటే మిగిలిపోతారు. మొదటి రోజే భుజానికీ మోచేతికీ మధ్య టేపుతో చుట్టుకొలత తీయండి. ఆ ట్రయల్‌లో 20–25 సెంటీమీటర్లకు చిన్నది, 32 దాకా మామూలుది వాడారు. మీ పట్టీ మీద అచ్చేసిన కొలత కూడా సరిచూడండి. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా 5 నిమిషాలు కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండు రీడింగులు.

ట్రయల్‌కు పనికొస్తారా అని చూసినవాళ్లందరినీ రాసే స్క్రీనింగ్ రిజిస్టర్‌లో ‘ఫోన్ లేక / సిగ్నల్ లేక చేరలేదు’ అని ఒక గడి పెట్టండి. రీడింగులు ఎక్కువగా పోయింది సిగ్నల్ లేని ఊళ్లలోనే అయితే, వాళ్లను వదిలేసి లెక్క కట్టకూడదు. అలా చేస్తే ఫలితం సిగ్నల్ ఉన్న రోడ్డు పక్క ఊళ్లదే అవుతుంది.

ప్రశ్న: మా అమ్మకు చదువు రాదు. వీడియో కాల్‌లో ట్రయల్ గురించి చెప్పి, ఓటీపీ చెబితే చాలంటున్నారు. సరేననవచ్చా?
– పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ఓటీపీ ఒక్కటే సమ్మతి కాదమ్మా. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, చదవడం రానివాళ్లకు వివరిస్తున్నంతసేపూ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. నింపిన సమ్మతి పత్రం ప్రతి మీ చేతికి ఇవ్వాలి. మీ జిల్లాలోనే 2009లో మొదలైన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకా ప్రాజెక్టులో హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సమ్మతి సంతకాలు పెట్టారు. దాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. అందుకే ఈ సాక్షి విషయంలో మొహమాటపడకండి.

దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐ నంబరు అడిగి ఆ వెబ్‌సైట్‌లో చూడండి, ఉచితమే. అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, దగ్గర్లో ఏ ఆసుపత్రి చేర్చుకుంటుంది అన్నది రాయించుకోండి. వీడియో కాల్ డాక్టరు దూరాన ఉంటారు కదా. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు మీది కాదు. పత్రంలో నామినీ పేరు రాసే చోటు ఖాళీగా వదలొద్దు, పరిహారం వస్తే అవసరపడేది అదే. వివరించడం అయ్యాక, ఏం చేస్తారో, మానేయాలంటే ఎలాగో అమ్మ చేతే తిరిగి చెప్పించండి. చెప్పలేకపోతే ఆ రోజు సంతకం వద్దు, ఇంకోరోజు మళ్లీ వివరించమనండి.