పిల్లల చేత కాన్సెప్చువల్ ఆర్ట్ చేయించాలంటే పోస్టర్లే వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

మాస్టారూ, కాలుష్యం మీద ఏదైనా చెయ్యమంటే మీ తొమ్మిదో తరగతి వాళ్ళంతా ఏడుస్తున్న భూగోళాన్నే గీసుకొచ్చారన్నారు. కాన్సెప్చువల్ ఆర్ట్ అంటే బొమ్మ అందం కన్నా వెనకున్న ఆలోచనే ముఖ్యమైన కళ. అది రాకపోవడంలో పిల్లల తప్పేం లేదు. కాలుష్యం అన్నది టాపిక్. టాపిక్ ఇస్తే పోస్టరే వస్తుంది. ముందు ఒక వాక్యం రాయించండి, అదీ వాళ్ళు కళ్ళారా చూసిందే అయ్యుండాలి. మన విశాఖలో పోర్టుకి దగ్గర్లో, వన్‌టౌన్ వైపు ఉండే పిల్లలైతే "మా కిటికీ ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ నల్లబడుతుంది" అంటారు. అది చాలు.

ఇప్పుడు బొమ్మ గీయించకండి, ఆ తుడిచే పనే చేయించండి. మీటరు పన్నా ఉన్న తెల్ల మల్లు గుడ్డ ఒక మీటరు కొంటే 30 సెంటీమీటర్ల ముక్కలు తొమ్మిదొస్తాయి. ఏడు ఏడు రోజులకి, ఒకటి అసలేమీ తుడవకుండా పక్కన వేలాడదీయడానికి, ఒకటి పాడైతే మార్చుకోవడానికి. కిటికీ గట్టు మీద అడుగు మేర చోటుకి హద్దుగా టేపు అంటించి, ముందు రోజు ఆ చోటు శుభ్రంగా కడిగించండి. ఇది మర్చిపోతే నెలల దుమ్మంతా మొదటి గుడ్డకే అంటుకుంటుంది, రోజుల లెక్క అబద్ధమైపోతుంది. తర్వాత రోజూ అదే వేళకి, నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన ముక్కతో ఒక్కసారి తుడవాలి. తడి ఎక్కువైతే మసి అంచులకి పాకి చారలు కడుతుంది. ఆరకుండా మడతపెడితే మన సముద్రపు గాలికి బూజు పడుతుంది, ఇక చూసేవాళ్ళ కళ్ళు దాని మీదే ఉంటాయి. చివర్న బట్టలారేసే తాడుకి క్లిప్పులు పెట్టి వరసగా వేలాడదీస్తే సరి.

పేరు దగ్గరే ఎక్కువమంది చెడగొడతారు. "నల్ల ఊపిరి" అని పెట్టారా, చూసేవాడికి చెయ్యడానికింకేం మిగల్దు. కంటికి కనపడనిదేదో అదే పేరులో ఉండాలి: వీధి, తేదీలు, అంతే.

వస్తువూ, లెక్కా వాటంతటవే మాట్లాడతాయని నమ్మించడానికి ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ అనే అమెరికన్ కళాకారుడు 1991లో చేసినది చూపించండి. ఓ మూల 175 పౌన్లు, అంటే 79 కిలోల చాక్లెట్ల కుప్ప, ఎవరైనా ఒకటి తీసుకోవచ్చు. ఆ ఏడాదే జబ్బుతో పోయిన ఆయన సహచరుడు ఆరోగ్యంగా ఉంటే ఉండాల్సిన బరువది. తీసుకున్నకొద్దీ కుప్ప తరుగుతుంది. 79 కాక 50 కిలోలు పోస్తే ఏం పోయిందని అడగండి, క్లాసంతా పట్టేస్తుంది. మనూళ్ళోనే లెక్కలు బోల్డున్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. పెదజాలరిపేట పిల్లాడు వల తాడుకి 61 ముళ్ళు వేసి తెస్తే, పడవ బొమ్మ అక్కర్లేదు.

పరీక్ష కూడా తేలికే. పక్క సెక్షన్ నుంచి ముగ్గుర్ని పిలిచి రెండు నిమిషాలు చూడనివ్వండి. చేసినవాళ్ళు నోరు మెదపకూడదు. "ఏం కనపడుతోంది, ఏమనిపిస్తోంది, ఏది చూస్తే అలా అనిపించింది?" అని అడిగి రాసుకోండి. మూడోదానికి జవాబు రాకపోతే వస్తువు మార్చాలి, వివరణ పెంచకూడదు. అనుకున్నదానికి వేరే అర్థం చెప్పినా, గుడ్డల్నే చూపించి చెబితే పర్లేదు. మార్కులు మాత్రం "ఈ గుడ్డే ఎందుకు, ఏడే ఎందుకు" అన్నదానికి వెయ్యండి, లేదంటే అందంగా ఉన్న థర్మాకోల్ మోడలే ఫస్టొస్తుంది.