పాప ప్లానింగ్ చదువుతానంటోంది, బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. పట్టణాల్లో పేదలకు న్యాయం జరగాలంటూ బీ.ప్లాన్, అంటే పట్టణ ప్రణాళిక డిగ్రీ, చదువుతానంటోంది. నేను కంప్యూటర్ సైన్స్ అంటున్నా. ఒక ప్రైవేటు యూనివర్సిటీవాళ్లు 'స్మార్ట్ సిటీస్' డిగ్రీ తీసుకోమంటున్నారు. దేనికి ప్యాకేజీ ఎక్కువ?

జవాబు: ఈ చదువు చదివితే పిల్ల జీతం లేకుండా ఉద్యమాల్లో తిరుగుతుందేమోనన్నదే కదండీ మీ అసలు బెంగ? అక్కడ నేర్పేది కొలతలు, లెక్కలు, భూమి చట్టాలు. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇల్లు 300 చదరపు అడుగులైనా సొంతిల్లే. అది ఊరికి దూరమైతే, నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆమెకు ఆటోకి పోను ఇరవై, రాను ఇరవై అనుకోండి, 26 రోజులకు 1,040 రూపాయలు. ఈ లెక్క స్థలం చూడకముందే వేసేవాళ్లు కావాలి. నెల్లూరులో పెన్న ఒడ్డు కాలనీలు 2021 నవంబరు వరదలో మునిగాయి. కట్ట పోయాలా, జనాన్ని తరలించాలా, తరలిస్తే వాళ్లకు పనెక్కడ? 2014 వీధి వ్యాపారుల చట్టం, బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలంటుంది. బండ్లకు చోటు చూపకుండా రోడ్డు వెడల్పు చేస్తే వాళ్లు మళ్లీ అక్కడికే వస్తారు, బేరం అక్కడే ఉంది మరి.

'స్మార్ట్ సిటీస్' డిగ్రీ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. 2015లో కేంద్రం మొదలుపెట్టిన స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చితో ముగిసింది. ఆ పేరుతో డిగ్రీ నాలుగేళ్ల తర్వాత చేతికొస్తే అడిగేదెవరు? పైగా అందులో డబ్బు చాలావరకు నగరంలో ఎంచుకున్న చిన్న ముక్కకే పోయింది. అయినా చేర్చాలనుంటే ఇవి అడగండి: ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్ గుర్తింపు ఉందా, పాఠం చెప్పేవాళ్లలో ప్లానింగ్ చదివినవాళ్లు ఎందరు, స్టూడియోకి, అంటే ప్లాన్లు గీసి నేర్చుకునే క్లాసుకి, వారానికి ఎన్ని గంటలు. నీళ్లు నమిలితే ఫీజు కట్టొద్దు.

విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) సీటొస్తే వెనకాడకండి. రాకపోతే సివిల్ ఇంజనీరింగ్ చేసి ఎం.ప్లాన్‌కి వెళ్లొచ్చు. ప్రభుత్వ టౌన్ ప్లానింగ్ పోస్టులు ఏటా పడవు. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని), భూరికార్డులు చదవడం వస్తే కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది. కంప్యూటర్ సైన్స్ చెడ్డదనను, ఇష్టం లేని పిల్ల మీద రుద్దితే మాత్రం బ్యాక్‌లాగులే మిగులుతాయి.

కోపగించుకున్నా సరే, ఇదొకటి చెప్పాలి. ప్యాకేజీ అడిగారు గానీ, ఈ కోరిక పాపకు ఎలా పుట్టిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? ఈ సెలవుల్లో టేపు, కాగితం ఇచ్చి మీ వీధి, కాలువ పక్క వీధి రెండూ కొలవమనండి: రోడ్డు వెడల్పు, సైడుకాలువ లోతు, కుళాయి ఎప్పుడొస్తుంది, ఎంతసేపొస్తుంది. మూడోరోజు కూడా తనంతట తానే బయల్దేరితే ఈ పని ఆమెకు పట్టుబడుతుంది. మీరూ టేపు రెండో కొస పట్టుకోండి.