కిట్ కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. రెండు సీట్ల విమానం విడిభాగాల కిట్ తెప్పించుకుని నువ్వే బిగించుకుంటావని తెలిసింది. మీ అమ్మకి టెన్షన్‌గా ఉందట గానీ, నాకైతే చాలా సంతోషంగా ఉంది.

డబ్బు కట్టే ముందు, విమానాల వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతుల సంగతి తేల్చుకో. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ డాబా మీద కట్టిన విమానానికి ఏళ్ల తరబడి తిరిగితే 2017లో గానీ రిజిస్ట్రేషన్ రాలేదు.

పని రడ్డర్‌తో, అంటే తోక మీద నిలువుగా ఉండి విమానం ముక్కును పక్కకి తిప్పే భాగంతో మొదలుపెట్టు. చిన్న భాగం, పాడైనా మళ్లీ చేసుకోవచ్చు. అల్యూమినియం రేకుకి డ్రిల్ వేశాక రంధ్రం అంచున సన్నటి గరుకు మిగులుతుంది. కంటికి ఆనదు, వేలితో తడిమితే గీరుకుంటుంది. దాన్ని తీయకుండా, రేకుల్ని కలిపే రివెట్ కొట్టేస్తే రేపు పగులు అక్కడే మొదలవుతుంది. అలాంటి రంధ్రాలు వేలల్లో ఉంటాయి. విసుగొచ్చిన రోజు డ్రిల్ ముట్టుకోకు. ఈ చాకిరీ అంతా నీ సంతోషం కోసమే. పైన ఉన్నప్పుడు ఎక్కడ ఏ చప్పుడైనా, అది ఎక్కడిదో నీ చేతులకి తెలుస్తుంది. కొన్న విమానంలో ఆ నిశ్చింత అంత తేలిగ్గా రాదు.

కట్టడంలో పడి ఎగరడం మానేయకు. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి కనీసం 40 గంటలు ఎగరాలి, అది పక్కన సాగుతూనే ఉండాలి. మన ఊరి ఎండ లెక్క కూడా అప్పుడే వంటబడుతుంది. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండకి గాలి పలచబడి, విమానం 5,000 అడుగుల ఎత్తున్న చోట ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. పరుగు పెరుగుతుంది, ఎక్కడం మందగిస్తుంది. ఇద్దరు కూర్చుని ట్యాంకు నింపుకుంటే మరీను.

అందుకే చలికాలం పొద్దున్నే వెళ్లు. మంచు విడిచాక, రాతిగుట్టలు ఇంకా వేడెక్కక ముందు గాలి కదలదు. చేతి మీద ఒత్తిడి పడకుండా చేసే ట్రిమ్ సరిచేసి, విమానాన్ని నడిపే స్టిక్ మీద నుంచి చెయ్యి తీసి చూడు, విమానం తన దారిన తాను పోతుంది. ఎక్కడికీ చేరాల్సిన పని లేకుండా చెరువుల మీదుగా అలా వెళ్లడం కన్నా హాయి నేనెరగను. పది దాటాక గద్దలు రెక్క ఆడించకుండా పైకి లేస్తుంటాయి. అక్కడ వేడిగాలి లేస్తోందన్నమాట, ఇక కుదుపులే. అయితే మన ఆకాశం ఖాళీ కాదు. శంషాబాద్ రాకపోకలు ఒకవైపు, దుండిగల్, హకీంపేటల్లో ఎయిర్‌ఫోర్స్ మరోవైపు. గాల్లో రాకపోకల్ని నియంత్రించే ఏటీసీ అనుమతిచ్చిన హద్దు దాటకు.

మొదటి ఫ్లైట్ నువ్వే నడపాలని పట్టుబట్టకు. అలాంటి విమానం బాగా నడిపిన పైలట్‌కి అప్పగించు. నువ్వు రన్‌వే పక్కన నిలబడు. నీ చేత్తో బిగించిన రెక్క మొదటిసారి నేల విడిచి లేవడం లోపల కూర్చున్నవాడికి కనిపించదు.

ఇట్లు,
మామయ్య