సెల్ బయాలజీనా, వైరాలజీనా? ఆరి హెలేనియస్ పరిశోధనను చూసి చెబుతున్న సమాధానం

ఎమ్మెస్సీ ముగించి పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్న మీరు, సెల్ బయాలజీ ల్యాబ్‌లో చేరాలా, వైరాలజీ ల్యాబ్‌లో చేరాలా అని అడిగారు. ఒకదాన్ని ఎంచుకుంటే రెండోది శాశ్వతంగా దూరమవుతుందేమోనన్న బెంగ కూడా రాశారు. వైరస్ కణంలోకి ఎలా ప్రవేశిస్తుందన్న అంశం మీదే హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేశాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఆ ప్రశ్న పట్టుకున్నవారికి ఈ రెండు శాస్త్రాలను విడదీయడం సాధ్యం కాదు. ఇందుకు ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆరి హెలేనియస్ పరిశోధనా జీవితం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆయన 1944లో ఊలూ నగరంలో పుట్టారు. 1973లో హెల్సింకీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, ఆ తర్వాత హైడెల్‌బర్గ్‌లోని యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీలో కై సైమన్స్‌తో కలిసి పనిచేశారు. తొలినాళ్లలో ఆయన ఆసక్తి రోగాల మీద కాదు, కణపొర మీద. కణపొరలో వందలాది ప్రోటీన్లు కలగలిసి ఉంటాయి కాబట్టి దాన్ని నేరుగా పరిశీలించడం కష్టం. సెమ్లికీ ఫారెస్ట్ వైరస్‌కు మాత్రం కొవ్వు పదార్థాలతో, కొద్దిపాటి ప్రోటీన్లతో ఏర్పడిన సరళమైన పొర ఉంది. 1942లో ఉగాండా దోమల్లో దొరికిన ఈ వైరస్, 2006 ప్రాంతంలో మన ఊళ్లలో ఎందరినో కీళ్లనొప్పులతో మంచాన పడేసిన చికున్‌గున్యాకు దగ్గరి బంధువు. హెలేనియస్‌కు అప్పట్లో అది కణపొరను అర్థం చేసుకోవడానికి దొరికిన పనిముట్టు మాత్రమే.

ఆ పనిముట్టే ఆయన్ను అసలు ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లింది. పొర ఉన్న వైరస్, కణం ఉపరితలం మీదే తన పొరను కణపొరతో కలిపేస్తుందా, లేక కణం దాన్ని మింగాక లోపల తప్పించుకుంటుందా? మింగబడిన వైరస్ చివరికి జీర్ణమైపోతుంది కదా, అది దారి ఎలా అవుతుందన్న సందేహం అప్పట్లో బలంగా ఉండేది. 1980లో ఆయన బృందం ప్రచురించిన ఫలితాలు కథను మలుపు తిప్పాయి. కణం వైరస్‌ను చిన్న సంచుల్లోకి లాగుతుంది, ఆ సంచుల్లో ఆమ్లత పెరుగుతుంది, పీహెచ్ (ఆమ్లతకు కొలత, ఆమ్లత పెరిగేకొద్దీ తగ్గే అంకె) 6 దరిదాపులకు దిగగానే వైరస్ ప్రోటీన్ ఆకారం మార్చుకుని వైరస్ పొరనూ సంచి పొరనూ కలిపేస్తుంది. అమోనియం క్లోరైడ్‌తోనో క్లోరోక్విన్‌తోనో ఆ ఆమ్లతను తగ్గిస్తే వైరస్ సంచిలోనే చిక్కుకుపోతుంది. కణం బయట అతుక్కున్న వైరస్‌కు కొద్దిసేపు ఆమ్ల ద్రావణం అందిస్తే మాత్రం, సంచితో పని లేకుండా అక్కడికక్కడే పొరలు కలుస్తాయి. ఒకే వాదాన్ని రెండు వైపుల నుంచీ పరీక్షించిన ఆ తీరు నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

నా పీహెచ్‌డీలో ఇదే తరహా ప్రయోగాన్ని, ఆకుపచ్చ కాంతినిచ్చే ప్రోటీన్ జన్యువు చేర్చిన వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్‌తో చేశాను. వెల్‌లు అనే చిన్న గుంటల్లో కణాలు పెంచిన ప్లేట్‌ను మంచు మీద ఉంచితే వైరస్ కణాలకు అతుక్కుంటుంది గానీ లోపలికి పోలేదు. అతుక్కోని వైరస్‌ను కడిగేసి వెచ్చని మీడియం (కణాలను పెంచే ద్రవం) పోశాక, ఒక్కో వెల్‌లో ఒక్కో సమయానికి అమోనియం క్లోరైడ్ కలిపి, చివరిదాకా అలాగే ఉంచాలి. కొన్ని గంటల తర్వాత మైక్రోస్కోప్ కింద చూస్తే, మొదటే కలిపిన వెల్ చీకటిగా ఉంటుంది, అరగంట ఆగి కలిపిన వెల్ నిండా ఆకుపచ్చగా మెరుస్తున్న కణాలు కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమనున్న వెల్‌లను వరుసగా చూస్తూ పోతే, వైరస్ సంచిలోంచి బయటపడే వేళ మన కళ్లకు కడుతుంది. వైరస్ గురించి వేసిన ప్రశ్నకు కణం తన లోపలి కాలపట్టికతో జవాబిచ్చిందని అప్పుడు అర్థమైంది.

1981లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లాక హెలేనియస్ ప్రశ్నను తిరగేశారు. కణంలో తయారవుతున్న ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ప్రోటీన్ సరిగ్గా ముడుచుకునేలా ఎవరు చూస్తున్నారు? కాల్‌నెక్సిన్ అనే ప్రోటీన్, సరిగా ముడుచుకోని ప్రోటీన్లను వాటి మీది చక్కెర గుర్తుతో పట్టి ఉంచుతుందని తేల్చిన పనిలో ఆయన బృందానిది ముఖ్య పాత్ర. మన కణాల సొంత ప్రోటీన్లకూ ఇదే తనిఖీ వర్తిస్తుంది.

1997లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉన్న ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి మారాక జరిగిన ఒక సంగతిని మీరు ప్రత్యేకంగా చదవాలి. ఎస్‌వీ40 వైరస్ ప్రయాణాన్ని వెంబడిస్తూ, కణంలో ‘కేవియోసోమ్’ అనే కొత్త అర ఉందని 2001లో ఆయన బృందం ప్రతిపాదించింది. ఆ పేరు పాఠాల్లోకీ ఎక్కింది. ఆ అరను గుర్తించడానికి ఆధారమైన కేవియోలిన్ ప్రోటీన్ కణంలో మోతాదుకు మించి తయారైనప్పుడు పరిస్థితి మారిపోతుందని, తాము చూసినవి మామూలు ఎండోసోముల (పైన చెప్పిన, కణం మింగినవాటిని మోసే సంచుల) కోవకే చెందుతాయని 2010లో వెల్లడించినది కూడా ఆ బృందమే. సొంత ఆవిష్కరణను సొంత ప్రయోగాలతో పక్కన పెట్టగల ల్యాబ్‌లో శిక్షణ దొరకడం అదృష్టమని నా నమ్మకం.

కాబట్టి బోర్డు మీది శాఖ పేరు చూసి నిర్ణయించుకోకండి. గైడ్‌ను కలిసినప్పుడు, ఆ ల్యాబ్‌లో వైరస్ కోసం విడిగా కల్చర్ గది ఉందో లేదో, కణం లోపలి పొరలను విడివిడిగా చూపే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ మీద విద్యార్థులే కూర్చుని పనిచేయవచ్చో లేదో అడగండి. వారి ఇటీవలి పత్రాల్లో ఒకటి తీసుకుని, వైరస్ లేని కణాలతో, మందు వేయని కణాలతో పోల్చి చూశారా లేదా గమనించండి. వీలైతే అక్కడి సీనియర్ విద్యార్థితో విడిగా మాట్లాడి, అనుకోని ఫలితం వచ్చినప్పుడు గైడ్ దాన్ని మళ్లీ చేయించి చూస్తారా, లేక పక్కన పడేయమంటారా అన్నది తెలుసుకుని దరఖాస్తు పంపండి.